లోపలెవరున్నా పైకి రండి

"దొరికింది నీకు. తవ్వింది నువ్వు. సొమ్మంతా తీసుకెళ్ళి గవర్నమెంటు ఆఫీసు వాళ్ళ చేతిలో పోసొచ్చావా? నిన్నేమనాల్రా, దద్దమ్మా!"

అక్క అరుపుకి, పునాదులు తవ్వే ప్రొక్లైన్ డ్రైవర్ ఫోన్ని చెవికి జానెడు దూరంలో పట్టుకున్నాడు.

"దాచుకుంటే దొంగతనమవుతుందే అక్కా. జైల్లో వేస్తారు. చెప్పాను కాబట్టి వాటా ఇస్తారు. స్థలం ఓనరుకి కొంత, నాకు కొంత."

"ఎప్పుడిస్తారు? నేను పోయాకా?"

"ఈ సాయంత్రం ఆఫీసాయన వస్తున్నాడు. ఆ సొమ్ము నాదంటూ ఇంకెవరూ రాకపోతే పనైపోయినట్టే. రెండు గదుల ఇల్లు తీసుకుంటా. నువ్వొచ్చెయ్."

అక్క మెత్తబడింది. మొగుడు పోయాక మరిది ఇంట్లో నోరు మూసుకుని బతుకుతోంది. రమ్మంటే మాత్రం, "నీ ఒంటి గదిలో నేనెక్కడ పడుకోన్రా" అంటూ ఏళ్ళ తరబడి దాటేస్తోంది. ఇక్కడ ఇతనేమో పని దిగి గదికొస్తే పలకరించే దిక్కు లేదు. అన్నం తింటూ టీవీలో వార్తలు చదివే ఆవిడకి జవాబులు చెబుతుంటాడు.

ఆఫీసాయన వచ్చేసరికి పొద్దు వాలింది. పొగమంచు దిగింది. పునాది గొయ్యి అంచున ఇద్దరే ఇద్దరు. రాగి బిందెడు పాత నాణేలు బయటపడిన మూల, అడుగున, నల్లగా నోరు తెరుచుకుని ఉంది. తడి మట్టి వాసన... దాని వెనకాల ఇంకేదో. ఎప్పుడో మూసిన పెట్టె తెరిస్తే వచ్చే వాసన.

"రూలు ప్రకారం దొరికిన చోట నిలబడి, హక్కుదారులెవరైనా ఉన్నారా అని కేకెయ్యాలయ్యా," అన్నాడాయన మఫ్లర్లోంచి. "జలుబుతో నా గొంతు పూడుకుపోయింది. నువ్వే కానిచ్చెయ్."

"ఇక్కడెవరుంటారు సార్?"

"ఎవరూ ఉండకూడదనేగా నీ ఏడుపు! కానీ, కానీ."

డ్రైవర్ గొయ్యిలోకి వంగాడు. ప్రొక్లైన్ బకెట్ దించే ముందు, అడుగున కూలీలెవరైనా ఉన్నారేమోనని రోజూ వేసే కేక ఒకటుంది. ఆ హక్కులూ గిక్కులూ నోరు తిరగలేదు. అలవాటైన కేకే వచ్చేసింది.

"లోపలెవరున్నా పైకి రండీ...!"

ఆఫీసాయన నవ్వాడు. "ఏదో ఒకటి. పిలిచావుగా."

చప్పుడు లేదు.

తర్వాత, అడుగున ఒక మట్టిపెళ్ళ రాలింది. ఇంకోటి. గోడని గోళ్ళతో పట్టుకుని ఎవరో ఎక్కుతున్నట్టు... ఆగి... మళ్ళీ ఎక్కుతున్నట్టు.

ఆడగొంతు. చాలాకాలంగా వాడని గొంతు.

"వస్తున్నా..."

డ్రైవర్ అంచు నుంచి వెనక్కి జరిగాడు.

"నీకేమైనా వినబడిందా?" గుసగుసగా అడిగాడు ఆఫీసాయన.

హక్కుదారు వస్తే వాటా పోయినట్టే. రెండు గదులూ పోయినట్టే. అక్క ఇక రానట్టే.

"లేదు సార్. ఎవరూ లేరు."

"నాకూ వినబడలేదు," అంటూ ఆయన స్కూటర్ వైపు దాదాపు పరిగెత్తాడు.

ఇతను నడిచాడు. వెనక్కి చూడలేదు. వీధి దీపాల కింద నీడ ఒక్కటే. అడుగుల చప్పుడూ ఒక్కరిదే. కానీ వెనకాల కాస్త కాస్తగా మట్టి రాలుతోంది. బూట్లకి అంటిన మట్టే అనుకున్నాడు. ఆగాడు.

మట్టి రాలుతూనే ఉంది...

గదికొచ్చి గడియ పెట్టి, లైటు వేసి, మంచమ్మీద కూలబడ్డాడు. జేబులో ఫోన్ మోగింది. అక్క.

"ఇంట్లో మనిషి ఉందని ఒక్క ముక్క చెప్పొచ్చు కదరా!" గొంతులో కోపం లేదు. చిన్నబుచ్చుకున్నట్టుంది. "ఇందాక ఫోన్ చేస్తే ఆవిడే ఎత్తింది. నువ్వే పిలిచావట. ఆ గది ఇద్దరికీ సరిపోతుందట. నన్ను ఇక రానక్కర్లేదంది."

గొయ్యి దగ్గర్నుంచి ఫోన్ జేబు దాటలేదు.

"అక్కా... నువ్వు రా. ఇప్పుడే బయల్దేరు."

"ఎందుకులేరా. నువ్వు ఒంటరివి కావు, నాకదే పదివేలు." పెట్టేసింది.

లైటు వెలుగుతూనే ఉంది. గదిలో ఎవరూ లేరు. మంచం అవతలి అంచు మాత్రం కిర్రుమని... మెల్లగా కుంగింది.

"అన్నం తిన్నావా?"

ఎన్నేళ్ళయింది, ఆ మాట ఎవరైనా అడిగి! లేచి పారిపోవాలి. తలుపు చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉంది.

అతను లేవలేదు. గోడవైపు కాస్త జరిగి, చోటిచ్చాడు.

మీరైతే ఏం చేసేవాళ్ళు? నోరారా పిలిచాక, అంత లోతు నుంచి ఎక్కి వచ్చిన మనిషిని... పొమ్మనేవాళ్ళా?