తొమ్మిదో అంతస్తులో తెల్లగుడ్డ

మేఘనా, ప్రసన్నా — మీరు పెరుగుతున్న ఈ పుణెలో ఈ కథ చెప్పేవాళ్లు ఎవరూ లేరు. అందుకే రాసి పెడుతున్నాను. సిద్ధయ్య మామ నోట విన్నది విన్నట్టే రాస్తున్నాను. భయం కోసం నేనేమీ కలపలేదు.

ఢిల్లీలో ఒక పెద్ద హోటలు ఉంది. లోకమంతా దానికి ఐదు నక్షత్రాలు ఇస్తే, మా ఉదయగిరిలో మాత్రం చెడ్డపేరు ఇచ్చారు. చీకటి పడ్డాక దాని తొమ్మిదో అంతస్తు ఊసు ఎవరూ ఎత్తరు...

సిద్ధయ్య మామ కొయ్య చెంచాలు చెక్కుతాడు. ఆ హోటలువాళ్లే పిలిపించి, తొమ్మిదో అంతస్తులో గది ఇచ్చి, మర్నాడు పొద్దున పదింటికి చెంచాలు చూపించమన్నారు. నచ్చితే నెలకు రెండు వేల చెంచాలు కొంటారు. అంటే ఇరవై ఇళ్లకు ఏడాది పొడుగునా పని. నచ్చకపోతే ఆ ఇరవై ఇళ్లవాళ్లూ మూటాముల్లె కట్టుకుని ఊరు విడవాలి.

మామ గదిలో అడుగు పెట్టగానే దీపాలు వాటంతట అవే వెలిగాయి. స్నానాలగదిలోకి పోతే కమోడు మూత... మెల్లగా పైకి లేచింది. మామ దానికి దండం పెట్టి బయటికొచ్చేశాడు. ఇంత ఖరీదైన చోట మనిషి చెయ్యి కదపడం మర్యాద కాదేమో అనుకున్నాడు.

లుంగీతోనే వీధిలోకి పోయి, రొట్టె తిని, రాత్రి తొమ్మిదింటికి తిరిగొచ్చాడు. తాళంచెవికి బదులు వాళ్లిచ్చిన కార్డుతో తలుపు తీసి, దీపాల కోసం దాన్ని గోడ సందులో పెట్టాడు. తల తిప్పి చూశాడు.

దీపం తగ్గించి ఉంది. మంచం పక్కన నేలమీద తెల్లగుడ్డ. దాని మీద కొత్త చెప్పులు. గ్లాసుతో నీళ్లు. దుప్పటి ఒక మూల మడిచి ఉంది. దిండు మీద... ఒక మిఠాయి.

గదిలో ఎవ్వరూ లేరు.

మన వైపు ఇలా ఎవరికి పెడతారో మీకు తెలియదు. పోయినవాళ్లకు పెడతారు. ఇష్టమైన తిండి, నీళ్లు, కొత్త గుడ్డలు పెట్టి, దీపం వెలిగించి, తలుపు మూసి అందరూ బయటికొస్తారు. పోయిన మనిషి వచ్చి తినిపోయేదాకా తలుపు తీయకూడదు.

మామ తీశాడు.

వెనక్కి అడుగులు వేస్తూ బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేశాడు. కిట్... లోపల గడియ పడింది.

కార్డు లోపల. చెంచాల సంచి లోపల. ఉతికిన చొక్కా లోపల. ఇరవై ఇళ్ల పని లోపల.

ఇంటికి ఫోను చేసి గుసగుసగా చెప్పాడు.

"తలుపు తట్టబాక," అంది అత్త. "తిననీ. అంత పెద్ద హోటల్లో పోయినోడు నిదానంగానే తింటాడు."

"పదింటికి చెంచాలు చూపించాలే!"

"పెట్టినోళ్లు ఎత్తేదానికి వస్తారు కదా. వాళ్లనడుగు."

మామ తలుపుకెదురుగా తివాచీ మీద కూర్చున్నాడు. దారిన పోయే ఒక దొర, బూట్లు తుడిచేవాడనుకుని, తనవి విప్పి ఆయన ముందు పెట్టి పోయాడు.

పన్నెండు దాటింది. చక్రాల చప్పుడు... తోపుడుబండి వెనక తెల్ల బట్టల్లో ఒక పిల్ల. మామ "పెంచలస్వామీ" అని మన వైపు దేవుణ్ణి తలుచుకుని గొణగడం విని ఆగింది.

"ఏంది పెద్దాయనా, మన పక్క మనిషివా? మాది సంగం ఊరు. గదులు సర్దుతాను. ఏంజెలిన్ నా పేరు."

"లోపల తెల్లగుడ్డా, నీళ్లూ... ఎవరు పెట్టినారమ్మా?"

"నేనే. రోజూ పొద్దుగూకినాక అన్ని గదుల్లో పెడతాను."

"అన్ని గదుల్లోనా!" మామ లేచి నిలబడ్డాడు. "ఎవరికి?"

"ఎవరికేంది, పెద్దాయనా... నీకే."

పడుకోబోయే అతిథులకు హోటల్లో అట్లా పెడతారనీ, తలుపు దానికదే పడుతుందనీ నవ్వుతూ చెప్పి, తన కార్డుతో తెరిచింది. మామ తెల్లారేదాకా కళ్లు మూయలేదు.

పదింటికి మేనేజరుకు చెంచాలు నచ్చాయి. తినడానికి కాదట — రోజూ గదికొకటి, దిండు మీద పెట్టడానికట!

ఒప్పందం మీద సంతకం పెట్టబోతున్న మామ చేతిలో కలం ఆగింది. ఇరవై ఇళ్లు కళ్ల ముందు తిరిగాయి. చివరికి ఒక్క షరతు పెట్టాడు: మనిషి గదిలో ఉండగానే చేతికివ్వాలి. ఎందుకని మేనేజరు అడిగితే, పోయినవాళ్లకు పెట్టే పద్ధతంతా మామకు తోడుగా వచ్చిన ఏంజెలిన్ ఇంగ్లీషులో చెప్పింది. మేనేజరు మొహం వెలిగిపోయింది.

ఇప్పుడు ఆ హోటల్లో దాని పేరు 'ఉదయగిరి సంప్రదాయం'. అదనంగా పన్నెండు వందలు. రాత్రి దీపం తగ్గించి, తెల్లగుడ్డ పరిచి, చెంచా చేతికిస్తారు. అతిథులు కళ్లు మూసుకుని, భక్తిగా పుచ్చుకుంటున్నారట...

ఈ కథ మీ పిల్లలకు చెప్పండి. మన ఊళ్లో పోయిన పెద్దలకు ఎలా పెడతారో ముందు చెప్పి, హోటలు సంగతి తర్వాత చెప్పండి. లేకపోతే వాళ్లూ ఆ పన్నెండు వందలు కట్టేస్తారని నా భయం.