నూట తొంభై కిలోల మాట

ఐదడుగుల చెక్క పడవను తొట్టిలో లాగి చూసి, నలభై అడుగుల లాంచీని నీళ్ళు ఎంత బలంగా అడ్డుకుంటాయో ఎలా చెబుతారు? జగ్గయ్యపేట వీరేంద్రకు ఈ సందేహం మూడేళ్ళ నాటిది. నందిగామలో పెళ్ళిచూపులనాడు, విశాఖలో ఆ పనే చేసే నీహారికను అదే అడిగాడు. ఆమె వెక్కిరింత అనుకుంది. సంబంధం అక్కడితో ఆగింది.

ఇప్పుడతను కృష్ణ ఒడ్డున వేదాద్రి నరసింహస్వామి గుడికెళ్ళే యాత్రికుల కోసం లాంచీ కట్టించాడు. అంతకుముందే దాని నమూనాను పరీక్షకు పంపితే, వచ్చిన రిపోర్టు మీద సంతకం నీహారికదే. దాన్ని బట్టే ఇంజను కొన్నాడు. తీరా కొన్నాక గుబులు పట్టుకుని ఆమెకే ఫోన్ చేశాడు.

"నమూనాని లాగడానికి అర కిలో బలం పట్టిందన్నారు. లాంచీ బరువు దానికి ఐదు వందల పన్నెండింతలు. గుణిస్తే రెండొందల యాభయ్యారు కిలోలండి! మీరేమో నూట తొంభై రాశారు. ఈ ఇంజను చాలకపోతే నా గతేంటి?"

"మొత్తం గుణించేశారా! పడవ లేపే అలల వల్ల వచ్చే అడ్డే అలా పెరుగుతుంది. నీళ్ళు ఒంటికి రాసుకునే ఒరిపిడి అంత పెరగదు. చిన్న పడవకి దాని సైజుకి మించిన ఒరిపిడి ఉంటుందండి. అది తీసేసి, మిగిలింది గుణించి, లాంచీ ఒరిపిడి విడిగా లెక్కగట్టి కలిపా."

"అయినా చిన్నదాన్ని చూసి పెద్దదాన్ని నమ్మడం..."

"ఇంట్లో జానెడు నరసింహస్వామికి మొక్కితే కొండమీద స్వామికి అందుతుందని నమ్మరా?"

"నమ్ముతానండి. కానీ స్వామికి డీజిల్ పొయ్యక్కర్లేదుగా!"

అవతల నవ్వు వినిపించింది. "ఆదివారం వస్తున్నా. కాటా రెడీగా పెట్టుకోండి."

ఆదివారం ముక్త్యాల రేవులో సన్నగా తుంపర. నీహారిక వాళ్ళ నాన్న తిరుపతిరావుతో వచ్చింది. యాత్రికుల బరువుకి బదులు లాంచీ నిండా ఇసుక బస్తాలు వేశారు. లాగడానికి ముందొక మరపడవ, మధ్య తాడుకి మిర్చి బస్తాలు తూచే కాటా. రిపోర్టులో రాసిన స్పీడు అందగానే ఆమె చెయ్యెత్తింది.

వీరేంద్ర కాటా చూసి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "నూట తొంభై నాలుగు!"

"ఆ నాలుగూ వాన బరువులెండి," అందామె.

"మా అమ్మాయి లెక్కయ్యా!" తిరుపతిరావు రేవులో ఉన్న ముక్కూమొహం తెలియనివాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

ఒడ్డుకు చేరాక వీరేంద్ర గొంతు తగ్గించాడు. "ఆ రోజు వెక్కిరించలేదండి. తెలీకే అడిగా."

"ఉద్యోగంలో చేరిన రోజు నేనూ మా సార్‌ని అదే అడిగా. అది మర్చిపోయి మీమీద కోపం తెచ్చుకున్నా."

"అయితే ఇంకొకటి అడగనా?"

"నాన్నని అడగండి," అని ఆమె చూపు ఏటి మీదికి తిప్పుకుంది. పెదవుల మీద నవ్వు మాత్రం అక్కడే ఉంది.

తిరుపతిరావు ఫ్లాస్కు మూత తీసి గ్లాసులోకి వంచాడు. "అడగక్కర్లేదులే బాబూ, వినపడింది. ఆ రోజు మా ఇంట్లో కాఫీ ముట్టకుండా లేచి వెళ్ళావు. గడపలోకొచ్చిన మనిషికి కాఫీ బాకీ పడ్డామని మా ఆవిడ మూడేళ్ళుగా సణుగుతానే ఉంది. ముందు ఇది తాగు."

వీరేంద్ర రెండు చేతులా గ్లాసు అందుకుని, ఆఖరి చుక్క దాకా తాగాడు.