టైర్ల జడ

ఉదయం టీ గ్లాసు అందుకుంటూ అక్క తన చేతులు చూసుకుంది. గోళ్ల సందుల్లో నలుపు పోయింది. ఇన్నేళ్లుగా ఏ సబ్బుకీ లొంగని టైర్ల నలుపు, కొద్ది రోజులు ఇంట్లో కూర్చునేసరికి తనంతట తానే వదిలిపోయింది. ఆ తెల్లటి వేళ్లు చూస్తుంటే ఆమెకి ఒళ్లు మండింది.

తమ్ముడికి అక్క కాబట్టి బజారంతటికీ ఆమె అక్కే. తండ్రి పోయాక టైర్ల గోడౌను ఆమె చేతుల మీదే నడిచింది. గోడౌనుతోనే కాపురం చేస్తోందని జనం నవ్వితే తనూ నవ్వేది. మొన్నటిదాకా లారీల పని చూసుకున్న తమ్ముడు ఇప్పుడు గోడౌనులోకి వచ్చాడు. గోడల పొడుగునా టైర్లు నిలబెట్టడానికి ఇనుప అరలు, రాకులు పెట్టిద్దామన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. కూలీలందర్నీ పిలిచి, వాళ్ల ముందు అక్క భుజం మీద చెయ్యి వేసి, "మా అక్క చేసినంత చేసింది. ఇక ఇంట్లో హాయిగా కూర్చుంటుంది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సాయంత్రానికి ఇంటికి ఒక మెత్తటి కుర్చీ వచ్చింది.

ఆ కుర్చీ ఇప్పుడు కిటికీ దగ్గర ఉంది. దాని పక్కనే అమ్మ పాత పేము కుర్చీ, ఎప్పటిలాగే ఉతికిన బట్టల కింద కూరుకుపోయి ఉంది. అమ్మ మాత్రం నేలమీద చిన్న పీట వేసుకుని ఉల్లిపాయలు ఒలుస్తోంది.

ఫోను మోగింది. అక్క కదల్లేదు. ఆగి మళ్లీ మోగింది.

"తమ్ముడేమోనే," అంది అమ్మ.

"తమ్ముడే."

"తియ్యవా?"

"మోగనీ అమ్మా. వినడానికి బాగుంది."

అమ్మ ఇంకో ఉల్లిపాయ అందుకుంది.

అక్క చేసిన పని అలాంటిది. రాకులు బిగించకముందే వానాకాలం సరుకు వచ్చి పడింది. "ఈ ఒక్కసారికీ ఓ మూలకి సర్దెయ్ అక్కా" అన్నాడు తమ్ముడు. అలాగేనంది. సర్దింది. టైర్లని జడ అల్లింది.

జడంటే, ఒక టైరుని ఏటవాలుగా వాల్చి, దాని నోట్లోకి పక్కదాని అంచు దూర్చి, దాని మీద మూడోది వాల్చి, అలా గోడ నుంచి గోడదాకా అల్లుకుంటూ పోవడం. మామూలుగా పేరిస్తే పట్టని సరుకు జడలో ఇట్టే పట్టేస్తుంది. కానీ దాన్ని విప్పాలంటే చివరగా పెట్టిన టైరు దగ్గరే మొదలుపెట్టాలి. అదే కొస. ఇంకెక్కడ లాగినా జడ మరింత బిగుసుకుంటుంది. అక్క దాన్ని పైకప్పు దూలం కిందిదాకా సందు లేకుండా అల్లి, కొసని మిగతా టైర్లలో కలిపేసి, చేతులు కడుక్కుని ఇంటికొచ్చేసింది. కొస ఎక్కడుందో ఎవరికీ చెప్పలేదు.

గట్టిగా వేసిన జడతో పడుకుంటే తలనొప్పి వస్తుంది, టైర్లకైనా అంతే అనేవాడు నాన్న. ఎక్కువ రోజులు ఉంచితే పక్కలు నొక్కుకుపోతాయి. ఆ సంగతి అక్కకి గుర్తు లేక కాదు. వాడు వచ్చి బతిమాలేదాకా ఉండనీ అనుకుంది. పళ్లు నూరుకుంటూ రోజూ టీ తాగింది.

కాసేపటికి తమ్ముడే వచ్చాడు. చొక్కా నిండా నలుపు, మోచెయ్యి గీరుకుపోయింది.

"ఫోను తియ్యవేం?"

"హాయిగా కూర్చున్నా కదరా. హాయిలో వినపడలేదు."

"బస్సులాయన వచ్చి కూర్చున్నాడు. మధ్యాహ్నంలోపు టైర్లు ఇవ్వకపోతే వేరే కొట్టుకి పోతానంటున్నాడు. ఏది పట్టుకుని లాగినా ఒక్కటి కదలదు! అదేం అల్లిక?"

"సర్దమన్నావు, సర్దాను."

"అక్కా, ఆడుకోకు. కొస ఎక్కడ?"

"రాకులకి తెలియదా? అడగలేకపోయావా?"

తమ్ముడి ముఖం ఎర్రబడింది. "కావాలనే చేశావు కదూ? మన సరుకు మనమే పాడు చేసుకుంటామా ఎక్కడైనా?"

"మన సరుకా? ఇంట్లో కూర్చునేదానికి సరుకెక్కడిదిరా?" అక్క లేచి నిలబడింది. "ఆ రోజు అందరి ముందూ అన్నావు. ఇప్పుడు అందరి ముందే, 'అక్కా, నువ్వు లేకపోతే మాకు చేతకాదు' అను. అప్పుడు చెప్తా."

"నీకు విశ్రాంతి ఇద్దామనుకోవడం కూడా తప్పేనా?"

"నేను అడిగానా?"

తమ్ముడు తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వైనా చెప్పవే!"

"నాకేం తెలుసురా," అంది అమ్మ ఉల్లిపాయ మీంచి చూపు తిప్పకుండా. "ఇంట్లో కూర్చునేదాన్ని."

ఆ మాట అక్క చెవిన పడింది కానీ బుర్రకెక్కలేదు. తమ్ముడు తల వంచి బతిమాలే దృశ్యం మీదే ఉంది ఆమె ధ్యాసంతా. "పద. అక్కడే అందువుగాని," అంటూ చెప్పులేసుకుంది. పిలవకుండానే అమ్మ కూడా చేతికర్ర అందుకుని బయల్దేరింది.

గోడౌనులో రంగు వాసన ఇంకా పోలేదు. రాకులు ఖాళీగా నిలబడి ఉన్నాయి. ప్రతి టైరూ దాని పాటికి అది నిలువుగా నిలబడేలా, ఎవర్నీ నొక్కకుండా, ఎటు నుంచైనా తీసుకునేలా కట్టించాడు తమ్ముడు. బాగున్నాయి. బాగున్నాయని మనసులో ఒప్పుకోవాల్సి రావడం అక్కకి మరీ కష్టమనిపించింది.

ఎదురుగా జడ, నల్లటి గోడలా. ఓ పక్క చేతి గడియారం చూసుకుంటూ బస్సులాయన. ఇంకో పక్క చెమటలు తుడుచుకుంటూ కూలీలు.

అక్క చేతులు కట్టుకుంది. "ఊఁ, అను."

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. ఆ క్షణం కోసమే అక్క ఇన్నాళ్లూ కాచుకుని కూర్చుంది.

కానీ అమ్మ ఆగలేదు. జడ పొడుగునా నెమ్మదిగా నడిచింది. అడుగు వరసలో ఒక టైరు పక్క మీద అరచెయ్యి ఆనించి, ఏడ్చే పిల్లాడి వీపు నిమిరినట్టు నిమిరింది. "నొక్కుకుపోతున్నాయి పాపం," అంది. తర్వాత తల పైకెత్తి, కర్రతో సూటిగా దూలం మూలకి చూపించింది. "నిచ్చెన అక్కడ వెయ్యండి. ఎడం పక్కది. లోపలికి కొంచెం నెట్టి, అప్పుడు లాగాలి."

కూలీ ఎక్కి నెట్టి లాగాడు. టైరు జారి చేతుల్లోకి వచ్చేసింది.

ముందుగా అక్కే తేరుకుంది. "నీకెలా తెలుసమ్మా?"

"నేను వేసినా అక్కడే వేస్తాను కనుక."

"జడ నాన్న కదా నేర్పింది?"

"మీ నాన్నకి ఎవరు నేర్పారనుకున్నావు? నా జడ వేసుకుంటూ నేను కనిపెట్టిన అల్లిక అది. కొత్తలో ఈ కొట్టులో సరుకు సర్దింది నేనే. మీ నాన్న పోయేదాకా ఈ చేతుల నలుపు పోలేదు. నువ్వు ఈ టైర్ల మధ్యే పాకడం నేర్చుకున్నావు."

"మరి ఇన్ని రోజులూ చెప్పలేదేం? నేనింత అవస్థ పడుతుంటే!" అన్నాడు తమ్ముడు.

"నన్నెవరైనా అడిగారా? అమ్మకేం తెలుసులే అనుకున్నారు ఇద్దరూ. నేనూ చూస్తూ కూర్చున్నా." అమ్మ పెదవుల మీద నవ్వులాంటిది కదిలింది. "అబద్ధమెందుకు, నాకూ చూడ్డానికి బాగుంది."

"నామీద నీకెందుకమ్మా కోపం? అవమానం జరిగింది నాకు కదా!" అంది అక్క.

"మీ నాన్న పోయాక ఒకరోజు కూలీలందర్నీ పిలిచావు. ఇదిగో, ఇక్కడే. నా భుజం మీద చెయ్యి వేశావు. ఏమన్నావో గుర్తుందా?"

అక్కకి గుర్తులేదు. తమ్ముడికి గుర్తుంది. అప్పుడు వాడు ఆ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"మా అమ్మ చేసినంత చేసింది, ఇక ఇంట్లో హాయిగా కూర్చుంటుంది," అన్నాడు మెల్లగా. "మంచి మాట అనుకున్నానక్కా. అందుకే నేనూ అదే అన్నాను."

కూలీ దింపి పడేసిన టైరు మీదే అక్క చతికిలబడింది. ఆ రోజు సాయంత్రానికి తనే ఇంటికి పేము కుర్చీ పంపింది. అది ఎందుకు బట్టల కుప్పయిందో, అమ్మ ఎందుకు పీట వదల్లేదో ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు.

"ఒక్కసారైనా కూర్చోలేదు కదమ్మా నువ్వు దాన్లో," అంది.

"కూర్చుంటే ఒప్పుకున్నట్టేగా. అరిచి కక్ష తీర్చుకోవడం నాకు రాదు. అందుకే కూర్చోలేదు." అమ్మ తన అరచేతులు చూసుకుంది. "నా చేతుల నలుపు పోయిన రోజున వంటింట్లో నిలబడి ఏడ్చానే. నువ్వు చూడలేదు."

ఉదయం తన తెల్లటి వేళ్లు చూసుకుని ఎంత మండిందో అక్కకి తెలుసు. ఆ మంటని అమ్మ ఇన్నేళ్లు నోరెత్తకుండా మోసింది. అందరూ చూస్తుండగానే అక్క తల్లి చేతులు పట్టుకుని, వాటిలో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తమ్ముడు వచ్చి పక్కన కూలబడ్డాడు. ఎవరికి క్షమాపణ చెప్పాలో తెలియక ఇద్దరి కాళ్ల మీదా చెయ్యి వేశాడు.

బస్సులాయన దగ్గాడు. "తల్లీ, మరి నా టైర్లు?"

జడ విప్పడం మొదలైంది. తమ్ముడు పైనుంచి అందించాడు, అక్క రాకుల్లో నిలబెట్టింది, వద్దంటున్నా వినకుండా అమ్మ దొర్లించింది. నొక్కుకున్న వాటిని పక్కన పెట్టారు. బస్సులాయన మధ్యాహ్నానికి సరుకు ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు రెండు కుర్చీలూ గోడౌనుకి వచ్చాయి. మెత్తటిది సరుకు కోసం వచ్చేవాళ్లకి వేశారు. బట్టలు దులిపిన పేము కుర్చీని అక్క తలుపు దగ్గర వేసి పక్కకి జరిగింది. కూర్చోమని మాత్రం అనలేదు. ఆ మాట అనడానికి నోరు రాలేదు.

అమ్మ కుర్చీని అటూ ఇటూ కదిపి చూసింది. కర్ర గోడకి ఆనించి, నలుపెక్కిన చేతులు చీర కొంగుకి తుడుచుకుని, కూర్చుంది.

"నువ్వు కూర్చోబెట్టావని కాదు. నేనే కూర్చున్నాను," అంది. తర్వాత రాకుల వైపు చూసి కళ్లు చికిలించింది. "ఆ పై వరసంతా వంకర. ఇద్దరూ కలిసి దింపి మళ్లీ పెట్టండి."

పై వరస తిన్నగానే ఉంది. అక్క తమ్ముడి వైపు చూసింది, తమ్ముడు అక్క వైపు చూశాడు. ఇద్దరూ వెళ్లి నిచ్చెన తెచ్చుకున్నారు.