గోడవైపు తిరిగిన పాదాలు

మధ్యాహ్నం భోజనాల వేళ. త్రియావ్నా ఊరి వీధిలో జనం పలచబడ్డారు. పెన్కా అవ్వ, తన భర్త ఒకప్పుడు బూట్లు కుట్టే కార్ఖానా తాళం తీసి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"పాత గోడలకి ఫోటోలేమిటే పిల్లా? నన్ను తీయకూడదూ? పళ్ళు లేవని జనం కాసేపు నవ్వుకుంటారు."

"బయటికొచ్చాక తీస్తాలే అవ్వా," అంది కాలినా, కెమెరా సర్దుకుంటూ.

"తీద్దువుగానీ, లోపల ఏదీ కదపకు. బూట్ల కొలతకి చెక్కిన చెక్క పాదాల్లో గోడవైపు తిరిగి ఉన్నవి పోయినవాళ్ళవి. కబురు తెలిసిన రోజే మా ఆయన తిప్పిపెట్టేసేవాడు. ఇక వాళ్ళకి నడిచే పని లేదని."

"ఒట్టు. ముట్టుకోను."

కాలినా ఎన్నో దేశాల్లో మూతబడ్డ కార్ఖానాలని ఫోటోలు తీసింది. ప్రతి ఫోటో కిందా 'ఉన్నదున్నట్టుగా' అని రాసేది. అది అబద్ధమని ఆమెకొక్కదానికే తెలుసు. పోర్టోలో కత్తెర జరిపింది. సిసిలీలో ఎవరిదో తుండుగుడ్డ తెచ్చి మేకుకి తగిలించింది. ఇప్పుడు పుస్తకం అట్ట మీదికి ఒక్క ఫోటో కావాలి.

లోపల కిటికీ తలుపులన్నీ మూసేసి ఉన్నాయి. సందులోంచి సన్నటి వెలుతురు ఒక్క అర మీదే పడుతోంది. తోలు వాసన, ఎండిన జిగురు వాసన. గోడల నిండా చెక్క పాదాలు, మడమల మీద పెన్సిలుతో పేర్లు. వెలుతురు పడ్డ వరసంతా మడమలే. వేళ్ళవైపు కనిపిస్తే ఎంత బాగుంటుంది!

ఒకటి తిప్పింది. ఏమీ కాలేదు. వరసంతా తిప్పేసింది. చివర్లో అరచేతిలో ఇమిడిపోయే జత ఒకటి ఉంది. 'ఇస్క్రా' అని పేరు. అన్ని అరల్లోనూ పసిపిల్లల జత అదొక్కటే. ముద్దొచ్చి, దాన్ని అన్నిటికన్నా ముందుకి జరిపింది.

ఫోటో తీసింది.

జిగురు వాసన పెరిగింది... అప్పుడే కాచినట్టు, వెచ్చగా.

పైన అవ్వ ఇంట్లో, చెక్క నేల మీద... టప్. టప్. ఆగింది. మళ్ళీ టప్. పడుతూ లేస్తూ...

బయటికొచ్చేసరికి, అవ్వ తన ఇంటి మెట్ల దగ్గర నిలబడి పైకి చూస్తోంది.

"ఏదైనా కదిపావా?" అంది గుసగుసగా.

"లేదవ్వా." నాలుక అలవాటుగా తిరిగింది.

"మరి మా ఇస్క్రా ఎందుకు నడుస్తోంది?"

"ఎవరు...?"

"నా బిడ్డ. నాకు పుట్టింది అదొక్కతే. రెండేళ్ళన్నా నిండకుండానే పోయింది."

కాలినా సిగ్గుతో చచ్చిపోయింది. ఒట్టు పెట్టిన నోటితోనే అబద్ధమాడింది, అదీ పుస్తకం అట్ట మీది బొమ్మ కోసం.

"నేనే తిప్పాను అవ్వా. ఫోటో బాగుంటుందని... ఇప్పుడే సరిచేసేస్తాను."

లోపలికి పరుగెత్తబోతే అవ్వ మణికట్టు పట్టుకుంది. ముసలి పట్టు కాదది.

"వద్దు."

"అవ్వా..."

"వద్దంటున్నానా! సాయంత్రం దాకా ఉండనీ. నలభై ఏడేళ్ళయిందే..."

ఆ మొహంలోని సంతోషాన్ని కాలినా చూడలేకపోయింది. తల దించుకుంది.

మెట్టు. ఇంకో మెట్టు. అడుగులు దిగుతున్నాయి.

"మెల్లిగా తల్లీ. గోడ పట్టుకో," అంది అవ్వ.

మెట్ల మీద ఎవరూ లేరు.

అవ్వ కట్టుకున్న ఏప్రన్ అంచు కుడివైపు కిందికి బిగిసింది, పట్టుకుని లాగినట్టు. అవ్వ ఏడుస్తూనే నవ్వింది.

అప్పుడు... ఎడమవైపు అంచు కూడా బిగిసింది. ఇంకా బలంగా. తను తిప్పింది ఆ ఒక్క జతనే కాదని కాలినాకి గుర్తొచ్చింది.

అవ్వ నవ్వు ఆగిపోయింది. కదలకుండా, కిందికి చూడకుండా అడిగింది.

"పిల్లా... ఇటువైపు ఉన్నదెవరే?"