రెండు ఒడ్ల నత్తలు

"నా నత్తల్ని ఉడకబెట్టిన మహానుభావుడెవరు?"

లాబ్ గుమ్మంలో ఆమె అరిచిన అరుపుకి అతని చేతిలో గరిటె జారింది. హీటర్ మీద సముద్రపు నత్తలు కుతకుత ఉడుకుతున్నాయి. గుల్లలు కొలవడం అతని పని. ఉడకబెడితే లోపలి కండ ఇట్టే ఊడొస్తుంది. ఆమెకి కావలసింది ఆ కండే, అదీ పచ్చిగా! ఉడికిపోయాక దాంట్లోంచి పనికొచ్చే డి.ఎన్.ఎ. తీయడం ఆమె తాత తరం కూడా కాదు.

"సారీ అండీ. ఫ్రిజ్‌లో ఉంటే నావే అనుకున్నాను."

"నా టిఫిన్ బాక్స్ కూడా ఫ్రిజ్‌లోనే ఉంది. అదీ ఉడకబెట్టండి!"

"అందులో ఏముంది?"

ఆమెకి నవ్వొచ్చింది. రాకపోతే బాగుండేది.

అప్పటినుంచి నత్తలు ఏరడానికి ఇద్దరూ కలిసే వెళ్లారు. అలలు బాదే రాళ్ల ఒడ్డున నత్తలు పొట్టిగా, మందపు గుల్లలతో ఉండేవి. కొండ మలుపు అవతల, అలల్లేని ఒడ్డున పొడుగ్గా, పల్చగా ఉండేవి. వానొస్తే గొడుగంతా ఆమెకిచ్చి అతను తడిసేవాడు.

"నన్నెందుకు చూస్తావు? నత్తల్ని చూడు."

"నత్తనే చూస్తున్నా. ఆ నడకేంటి తల్లీ!"

ఉద్యోగం లేనివాడికి పిల్లనివ్వనని ఆమె తల్లి భీష్మించుకుంది. అతనికేమో ఒకటే ధీమా.

"ఇవి రెండూ వేర్వేరు జాతులని తేలనీ, ఉద్యోగం నాదే."

తేలలేదు. ఇంటర్వ్యూ ముందురోజు ఉదయం ఆమె వచ్చి చెప్పింది.

"రెండూ ఒకటే జాతి. మలుపు దగ్గర ఏరినవి చూడు, రెండు ఒడ్లవీ అక్కడ కలిసిపోయాయి. గుల్లలోనే తేడా."

అతని మొహం మాడిపోయింది. కాసేపటికి గొంతు తగ్గించాడు.

"మలుపు దగ్గరవి తీసెయ్. అప్పుడు రెండు గుంపులుగానే కనిపిస్తాయి."

"తీసెయ్యడమేంటి?"

"పాడైపోయాయని రాయి. ఎవరడుగుతారు? ఇదంతా మనకోసమే కదా! ఉద్యోగం రాగానే పెళ్లి చేసుకుందాం."

వానాకాలమంతా ఆ మాట కోసమే ఆమె ఎదురుచూసింది. తీరా అది లంచంలా వచ్చింది. ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది.

"నాకన్నా ఆ నత్తలే ఎక్కువా నీకు?" అన్నాడతను.

"రేపు నాతో కుదరకపోతే నన్నూ పాడైపోయిందని రాస్తావు," అంది ఆమె.

"అబ్బా, గోరంతలు కొండంతలు చెయ్యకు."

ఆమె ఒక్కటీ తీసెయ్యకుండా ఫలితాలన్నీ ప్రొఫెసర్‌కి పంపేసి బయటికొచ్చింది. బస్టాపులో ఉండగా తల్లి ఫోన్ చేసింది.

"చెప్పావుటే అబ్బాయికి? ఉద్యోగం లేకపోయినా సరే, మంచివాడైతే చాలన్నానని?"

"చెబుదామనే పొద్దున్నే వెళ్లానమ్మా."

"సంతోషించాడా?"

"చెప్పలేదమ్మా. ఇంక చెప్పను," అని, బస్సు కోసం నిలబడ్డవాళ్లందరి మధ్యా ఆమె భోరుమంది.