ఎల్లవ్వ చేరవేసిన మాట

ఇలా జరిగి కూర్చోండి, ఇంకా దగ్గరగా. గొంతు పెంచి చెప్పుకునే సంగతి కాదిది. సూరత్‌లో డిండోలి ఉంది కదా, అక్కడ మగ్గాల వాళ్లుండే సందులో కాపురముంటున్న ఎల్లవ్వ కథ.

ఆమె భర్త లక్ష్మీరాజం పెళ్లికి ముందే జగిత్యాల వైపు నుంచి వచ్చి మరమగ్గాల్లో పడ్డాడు. వాళ్ల మాటలో సాంచెలు. ఆ చప్పుడులో బతికీ బతికీ ఆయన చెవులు పోయాయి. అక్కడ అది వింత కాదు, పనిలో అందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు. కానీ ఇంట్లో ఆయన కళ్లు ఎల్లవ్వ పెదవులకే అలవాటు పడ్డాయి. పిల్లలు ఏమన్నా, చుట్టాలు ఏమన్నా, "ఏమంటున్నరే?" అని ఆమె వైపు తిరిగేవాడు. ఆమె చెప్పేది. చెప్పేటప్పుడు గుచ్చుకునేదేదైనా ఉంటే తీసేసేది. మగ్గాల యజమాని శేఠ్ ఫోనులో "చెవిటోడా" అని తిడితే, "పానం మంచిగున్నదా అంటుండు" అనేది. పిల్లలకు చేప ముల్లు తీసి పెట్టడం లాంటిదే అనుకునేది తప్ప, అబద్ధమని ఏనాడూ తోచలేదు.

ఆ ఉదయం ఆయన రాత్రిపాళీ దిగి వచ్చి చాయ్‌లో పావ్ ముంచుకుంటున్నాడు. కూతురు సింధూజ బ్యాగు సర్దుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. బి.ఏ. చదివిన పిల్ల. పక్కనే ఉన్న ఉధనాలో స్నేహితురాలితో ప్రార్థనకు పోతూ పోతూ యేసును నమ్ముకుంది. తల్లికి తెలుసు, తండ్రికి తెలియదు.

"బాపూ, నేను పుణె పోతున్న. భాషాశాస్త్రం చదువుత. కొండలల్ల కొందరికి వాళ్ల భాషల బైబిల్ లేదు. చదువైనంక వాళ్ల నడుమనే ఉండి వాళ్ల మాటల్లకు దాన్ని తర్జుమా చేస్త."

"ఏమంటుందే?" అన్నాడు లక్ష్మీరాజం, భార్య వైపు తిరిగి.

ఎల్లవ్వ పెదవులు నిదానంగా కదిలించింది. "టీచర్ చదువుకు పుణె పోతదట. సర్కార్ నౌకరి వస్తదట."

ఆయన మొహం వెలిగిపోయింది. "మా ఖాతల, గన్ని సాంచెల నడుమ, ఎవ్వని బిడ్డా టీచర్ కాలె. నా పక్క సాంచె శ్యాంసుందర్‌గాడు వింటే అన్నం తినడు ఇయ్యాల. ఉండు, పేడా మిఠాయి తెస్త." అంగీ తీసుకోవడానికి అటు తిరిగాడు.

సింధూజ తల్లిని చూసింది. "నేను గట్ల చెప్పిన్నా అమ్మా?"

"నువ్వు చెప్పింది చెప్తే మల్ల ఈ గడప తొక్కనియ్యడు. సప్పుడు చెయ్యక పేడా తిని పో. అయినా భాషకు చదువేందే? పుట్టంగనే వస్తది కదా."

"ఇంకొగల భాష పుట్టంగనే రాదు. నాలుక ఏడ తాకితే ఏ శబ్దమో కాడికెల్లి నేర్చుకోవాలె. ఒగల మాట ఇంకొగలకు చేర్చేటప్పుడు మన ఇష్టమొచ్చినట్టు మార్చొద్దు, అది అసలు సంగతి. దొంగమాటతోని ఇంట్లకెల్లి బయల్దేరితే ఆ పనికి నేనేం పనికొస్త?"

"నాకే నేర్పుతున్నవా? ఆయన చెవులు పోయినప్పటి నుంచి ఈ ఇల్లు నా నోటి మీదనే నిలబడ్డది. నీ దేవుడొచ్చి చెప్తడా ఆయనకు?"

"నేనే చెప్త."

అంగీ తొడుక్కుని బయల్దేరబోతున్న తండ్రిని కూర్చోబెట్టి, సింధూజ ఆయన మోకాళ్ల దగ్గర కూర్చుని, ఆయన మొహాన్ని రెండు చేతులా తనవైపు తిప్పుకుంది. ఒక్కో మాటా విడదీసి చెప్పింది. అందకపోతే మళ్లీ చెప్పింది. ఎల్లవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయన అరవలేదు. గోడ మీద తమ కులదైవం మార్కండేయుని పటం వైపు చూశాడు. "మన దేవుడు నీకేం తక్కువ చేసిండు బిడ్డా?"

"ఏం తక్కువ చెయ్యలె బాపూ. నేను యేసును నమ్మిన. దాచిపెట్టి పోలేను."

అలవాటుగా భార్య వైపు తిరగబోయి ఆగిపోయాడు. "టీచర్ అన్నవ్ కదనే నువ్వు. ఇన్నేండ్లు చెప్పినయన్నీ గిట్లనేనా?"

"నీ మంచికే."

"ఊర్ల నన్ను గన్న మా అవ్వ పానం పోయేటప్పుడు నా దిక్కు చూసి ఏదో అన్నది. నోట్ల పండ్లు లేవు, నాకు అందలె. 'సల్లగుండు కొడుకా' అన్నదని చెప్పినవ్. ఏమన్నదే?"

"పోయినోళ్ల ముచ్చట ఇప్పుడెందుకు?"

"ఏమన్నదే?"

ఎల్లవ్వ కూతురి వైపు చూసింది. సింధూజ తల దించుకుంది.

"'ఇప్పుడెందుకొచ్చినవ్ రా, చూసి చూసి నా కండ్లు గుంటలు పడ్డయి. పో, నీ సాంచెలు ఆగిపోతయి' అన్నది."

లక్ష్మీరాజం కళ్లు తుడుచుకున్నాడు. "గిది మా అవ్వ మాట. బతికినన్ని దినాలు గట్లనే పొడిచింది నన్ను. నువ్వు చెప్పిన మాట ఎవరో పరాయి ముసలామె అన్నట్టుండె నాకు. మా అవ్వను నాకు కాకుండ జేసినవ్ కదనే."

ఎల్లవ్వ గోడకు ఆనుకుని కూలబడింది. ఆయనకు నొప్పి తగలకుండా కాపాడాననుకుంది ఇన్నాళ్లూ. నొప్పితో పాటు కన్నతల్లినే తగలనివ్వలేదని అప్పుడు తెలిసింది.

ఆయన కూతురికి చెప్పాడు. "నీ పని నాకు నచ్చలె. రేపు కులసంఘంల అడిగితే నా తల ఏడ పెట్టుకోవాల్నో తెల్వదు. అయినా పో. ఫోన్ల మొహం చూపిచ్చి నాతోనే మాట్లాడు. మీ అమ్మతోని చెప్పియ్యకు."

సింధూజ తల్లి కాళ్లు ముట్టుకోబోతే ఎల్లవ్వ వెనక్కి లాక్కుంది. పిల్ల బ్యాగెత్తుకుని వెళ్లిపోయింది.

ఇంట్లో ఇద్దరే మిగిలారు. లక్ష్మీరాజం వచ్చి ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. "నీ నోరు కదులుతుంది. ఏడుస్తున్నవా, తిడుతున్నవా?"

"తిడుతున్న."

"ఎవరిని?"

"నిన్ను. దాన్ని. దాని దేవుణ్ని." ఆమె వేలు తనవైపే తిప్పుకుంది. "నన్ను."

ఆయన ఇంకా దగ్గరకు జరిగాడు. "ఇయ్యాల నీ మాట ఒక్క అక్షరం పోకుండ అందింది," అని, ఆమె చేయి పట్టుకుని లేవదీశాడు.

ఈ కథను మనసులో పెట్టుకోండి తల్లీ, మీ వాళ్లకూ చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం ఆ ముసలమ్మ మాటకు చక్కెర కలపకండి. ఆమె అన్నది అన్నట్టే చెప్పండి.