ఫ్యాను కింది బల్ల

బోధన్ అవతల చెరకు తోటలో ఆశన్న శవం దొరికిన మధ్యాహ్నమే ఏజెంట్ ఆత్మారాంకు హైదరాబాద్‌లో పిలుపు వచ్చింది.

"ఆశన్న శత్రు గూఢచారుల మీద కన్నేసిన మన ఇన్ఫార్మర్. సన్నని తీగతో గొంతు బిగించారు," అన్నాడు చీఫ్ పైపు వెలిగిస్తూ. "చనిపోయే ముందు ట్రంక్‌కాల్ చేశాడు. 'నిజామాబాద్ కాలేజీ క్యాంటీన్ల వాళ్ల మనిషున్నడు' అన్నాడు. లైన్ తెగిపోయింది."

"వాళ్ల టార్గెట్?"

"యుద్ధం నేడో రేపో. మందుగుండుతో ఒక మిలటరీ స్పెషల్ నిజామాబాద్ మీదుగా వెళ్లబోతోంది. మిగతాది నువ్వే ఊహించుకో. నువ్వు సోషియాలజీ రీసెర్చి స్కాలర్‌వి. క్యాంటీన్‌లో ఎవరు ఎవరితో కూర్చుంటారో స్టడీ చేస్తావు. అక్కడి ఇంగ్లీషు లెక్చరర్ మిస్ శాలిని మన కాంటాక్ట్."

ఆత్మారాం పెదవి విరిచాడు. "దానికీ రీసెర్చా? మా వర్నిలో గొడ్లు కూడా ఏ దొడ్డివి ఆ దొడ్డికే పోతాయి సార్."

మాసిన గడ్డం, ఖాదీ సంచీ, దళసరి కళ్లద్దాలతో అతను క్యాంటీన్‌లో కుదురుకున్నాడు. అద్దాల అంచుల్లో అమర్చిన బుల్లి దర్పణాలు వెనక జరిగేది చూపిస్తాయి. చూడదగ్గది మాత్రం ముందూ లేదు, వెనకా లేదు.

ఉన్న ఒక్క ఫ్యాను కింద దొరల బిడ్డలు. టెర్లిన్ చొక్కాలు, తండ్రి పేరు తప్ప మరేదీ సంపాదించని మొహాలు. వాళ్ల నాయకుడు మాధవ్‌రావు జోకు పూర్తి కాకముందే మిగతావాళ్లు నవ్వేస్తారు. కిటికీ దగ్గర బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసర్ల కొడుకులు; వాళ్లు దగ్గినా ఇంగ్లీషులోనే. గోడవార విప్లవకారులు, రోజూ ప్రపంచాన్ని కూల్చేసి, చాయ్ చల్లారిందని సర్వర్‌ను తిడతారు. చేతులు కడిగే తొట్టి పక్కన, నీళ్లు చిందే చోట, బాల్కొండ, ముప్కాల్ రైతుల పిల్లలు. రొట్టె డబ్బా మూత సగమే తీసి, దొంగసొత్తులా తింటారు. ఆడపిల్లలకు చెక్కతెర. ఒక బల్లవాడు ఇంకో బల్ల గడప తొక్కడు.

"ఈసారి పసుపు మంచి రంగు తేలింది."

నల్లకళ్లద్దాలు, షిఫాన్ చీర, చేతిలో తోలు హ్యాండ్‌బ్యాగ్. మిస్ శాలిని. ఆమె అడుగుపెట్టగానే అన్ని బల్లలూ ఒక్కసారే మూగబోయాయి. ఆ ఒక్క విషయంలో క్యాంటీన్‌కు ఐకమత్యం ఉంది.

"రంగు కాదు, వాసన చూడాలి," ఆత్మారాం బదులు కోడ్ చెప్పాడు.

ఆమె ఎదురుగా కూర్చుని గొంతు తగ్గించింది. "ఆ గోడవార బల్ల దగ్గరే ఉన్నాడు మనకు కావలసినవాడు. వాళ్ల మీంచి కన్ను తిప్పకండి."

ఆత్మారాం కన్ను తిప్పలేదు. చూసినకొద్దీ ఒకటే తేలింది. బాంబు కట్టడం అటుంచి, ఆ విప్లవకారులకు పల్లీల పొట్లం కట్టడం కూడా రాదు.

ఒక మధ్యాహ్నం దర్పణంలో వింత కనిపించింది. తొట్టి పక్కన కూర్చునే ముప్కాల్ పిల్లగాడు హన్మాండ్లు ఫ్యాను కింద కూర్చున్నాడు! లెమ్మని ఎవరూ అనలేదు. పైగా మాధవ్‌రావు వాడి భుజం మీద చెయ్యేశాడు.

"నువ్వు మనోడివిరా!"

"హన్మాండ్లూ, మీ అవ్వ నువ్వుల రొట్టె పంపింది, రారా!" తొట్టి దగ్గర్నుంచి దోస్తు సిద్దిరాములు కేకేశాడు. హన్మాండ్లు వినబడనట్టు మొహం తిప్పుకున్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ శాలిని మాధవ్‌రావు వైపు చూసి సన్నగా తలూపింది.

ఆత్మారాం హన్మాండ్లును వరండాలో పట్టుకున్నాడు. "ప్రమోషన్ వచ్చినట్టుందే?"

"జవాన్ల స్వాగత కమిటీ సార్, శాలిని మేడం పెట్టింది. రేపు మిలటరీ స్పెషల్ ఆగంగనే మేజర్‌సాబ్‌కు లడ్డూల బుట్ట నేనే ఇస్తున్న. మాధవ్‌రావే నా పేరు చెప్పిండు. ఫోటో సుత తీస్తరట!"

"మాధవ్‌రావు ఇవ్వడా?"

"ఆయన ఎనక నిలబడ్తడట సార్."

ఆత్మారాం లెక్క కట్టాడు. ఫోటో దిగే చోట దొర కొడుకు వెనక నిలబడ్డాడంటే, ముందు చావు ఉండి తీరాలి. పైగా ఈ కమిటీ సంగతి శాలిని తన దగ్గర మాటమాత్రం అనలేదు. తన చూపును గోడకు కట్టేసిందీ ఆమే.

"శాలిని డబుల్ ఏజెంట్," అని చీఫ్‌కు ఫోన్ చేశాడు. "బుట్టను స్టేషన్ గేటు దగ్గరే పట్టుకుంటాను."

కాని మర్నాడు రైలు ముందే వచ్చేసింది. శాలిని కమిటీని పార్సిల్ గేటు గుండా లోపలికి తెచ్చింది. ఎర్ర చొక్కా కూలీ వేషంలో ఉన్న ఆత్మారాం జనాన్ని తోసుకుంటూ పరుగెత్తాడు. హన్మాండ్లు మందుగుండు ఉన్న వ్యాగన్‌కు నాలుగడుగుల్లో ఉన్నాడు.

"తమ్మీ, ఆ బుట్ట ఇటియ్యి!"

"ఏయ్ కూలీ, దూరం జరుగు! నా బట్టలు మాస్తయి!"

ఒక్కరోజు ఫ్యాను గాలికే వాడికి ఆ మాట వచ్చేసింది. ఆత్మారాం వాడి చెంప ఛెళ్లుమనిపించి బుట్ట లాక్కున్నాడు. లడ్డూల కింద గడియారం బాంబు, టిక్ టిక్. ఉంగరం నొక్కాడు. బ్లేడు బయటికొచ్చింది. ముల్లు ఆఖరి గీతను తాకబోతుండగా తీగ తెగింది. ముల్లు ఆగింది.

తలెత్తేసరికి శాలిని చేతిలో చిన్న పిస్తోలు.

"రంగు బాగానే చూశారు ఆత్మారాం. వాసనే కాస్త ఆలస్య..."

మాట పూర్తి కాలేదు. కమిటీ తరఫున జవాన్లకు చాయ్ పోస్తున్న సిద్దిరాములు మసిలే కెటిల్ ఆమె చేతి మీద కుమ్మరించాడు. పిస్తోలు పట్టాల మీద పడింది. జవాన్లు ఆమె రెక్కలు విరిచి పట్టుకున్నారు. అదే సమయానికి బోధన్‌లో, చక్కెర యంత్రాల నిపుణుడినంటూ దిగి ఆమెను వెనకుండి నడిపిన విదేశీయుడి చేతులకు బేడీలు పడ్డాయి.

హన్మాండ్లు ప్లాట్‌ఫారం మీద కూలబడ్డాడు. "నన్ను సావుకు పంపిండ్రారా?"

సిద్దిరాములు వాడి పక్కనే కూర్చున్నాడు. కెటిల్‌లో మిగిలిన చాయ్ గ్లాసులో వంపి వాడి చేతిలో పెట్టాడు.

గూడ్స్ షెడ్డు వెనక నక్కిన మాధవ్‌రావును లాక్కొచ్చారు. "నాకేం తెల్వది! మేడం ఫారిన్‌ల సీటిప్పిస్తనన్నది. వాణ్ని ముందటికి పంపి ఎనక నిలబడుమన్నది, గంతే!"

"ఎందుకని అడగలేదా?"

"పోయేది వాడే గదా అని..." మాధవ్‌రావు నాలుక కరుచుకున్నాడు.

పోలీసులు అతన్ని వ్యాన్‌లోకి తోశారు. లోపల ఇద్దరు జేబుదొంగలు జరిగి చోటిచ్చారు. మాధవ్‌రావు మొహం చిట్లించాడు. "వీళ్ల పక్కన కూసోవాల్నా? మా నాయిన ఎవరో ఎరికేనా?"

"ఎరికే. అందుకే జైల్ల నీకు సపరేట్ రూం చెప్పిన," అన్నాడు ఆత్మారాం తలుపు వేస్తూ. "ఎవ్వడొచ్చి నీ పక్కన కూసోడు."